ఇంటర్ టైంటేబుల్ వచ్చింది: ఇంట్లో క్యాలెండర్ ఎలా గీసుకోవాలి

ఇంటర్ బోర్డు టైంటేబుల్ విడుదల చేసిన రోజు హైదరాబాద్‌లో ప్రతి కాలేజీ వాట్సాప్ గ్రూపులోకీ అదే పేజీ వస్తుంది. మొదటి పరీక్ష ఎప్పుడు, చివరిది ఎప్పుడు అని చూసి చాలామంది ఫోన్ పక్కన పెట్టేస్తారు. ఆ పేజీలో అంతకంటే పనికొచ్చే సంగతి ఒకటుంది. పేపరుకీ పేపరుకీ మధ్య ఎన్ని రోజుల ఖాళీ ఉంది, ఆ ఖాళీ ఏ సబ్జెక్టు ముందు పడింది అన్నది. జనవరిలోనే తెమల్చుకోవాల్సింది ఏదో, మార్చి దాకా ఆపగలిగింది ఏదో ఆ ఖాళీలను బట్టే తేలుతుంది.

ముందు, చేతిలో ఉన్న పేజీ మనదేనా

రెండు తెలుగు రాష్ట్రాలకు రెండు బోర్డులు. పరీక్షలు రెండింటిలోనూ ఉదయం 9 నుంచి 12 వరకే. సబ్జెక్టుల పేర్లూ దాదాపు ఒకటే. అందుకే ఆంధ్రప్రదేశ్ బోర్డు టైంటేబుల్ మన గ్రూపుల్లోకి, మనది అక్కడి గ్రూపుల్లోకి వెళ్తుంటుంది. 2025లో అక్కడ పరీక్షలు మార్చి 1న మొదలైతే, తెలంగాణలో మార్చి 5న మొదలయ్యాయి. నాలుగు రోజుల తేడాతో పొరపాటు క్యాలెండర్ గోడకి అంటించుకున్న ఇల్లు ఎంత గాభరా పడుతుందో ఊహించుకోవచ్చు. పేజీ పైన బోర్డు పేరు, సంవత్సరం చదవండి. తర్వాత నాంపల్లిలోని మన బోర్డు అధికారిక వెబ్‌సైట్ నుంచి మీరే ఒక కాపీ దించుకుని ప్రింట్ తీయండి. ఫార్వర్డ్ అయిన ఫొటోను నమ్ముకోవద్దు.

పండుగ సెలవు మారితే పేపరు తేదీ కూడా జరిగే అవకాశం ఉంటుంది. కాబట్టి పరీక్షలకు వారం ముందు అదే వెబ్‌సైట్‌లో మరోసారి చూసి, ప్రింట్‌తో సరిపోల్చుకోండి.

ఖాళీల లెక్క

ఏటా తేదీలు మారతాయి, కానీ పేపర్ల వరస ఇటీవలి ఏళ్లలో పెద్దగా మారలేదు. ముందు సెకండ్ లాంగ్వేజ్, తర్వాత ఇంగ్లిష్, ఆ తర్వాత గ్రూపు సబ్జెక్టులు. ఒకరోజు ఫస్ట్ ఇయర్, మరుసటి రోజు సెకండ్ ఇయర్. అందుకే 2025 టైంటేబుల్‌ను నమూనాగా పెట్టుకుని లెక్క చూద్దాం. మీ సంవత్సరం పేజీ చేతిలో పెట్టుకుని ఇదే పని మీరూ చేయండి.

ఆ ఏడాది ఎంపీసీ సెకండ్ ఇయర్ తేదీలు ఇవి: మార్చి 6న సెకండ్ లాంగ్వేజ్, 10న ఇంగ్లిష్, 12న మ్యాథ్స్ 2ఏ, 15న మ్యాథ్స్ 2బి, 18న ఫిజిక్స్, 20న కెమిస్ట్రీ. బైపీసీ వాళ్లకు మ్యాథ్స్ 2ఏ చోట బోటనీ, 2బి చోట జువాలజీ. ఫస్ట్ ఇయర్ వాళ్లకు 5, 7, 11, 13, 17, 19 తేదీలు.

ఇప్పుడు మధ్యలో పూర్తిగా ఖాళీగా ఉన్న రోజులు లెక్కపెట్టండి. సెకండ్ ఇయర్‌లో ఇంగ్లిష్ ముందు మూడు రోజులు, 2ఏ ముందు ఒక్కటే, 2బి ముందు రెండు, ఫిజిక్స్ ముందు రెండు, కెమిస్ట్రీ ముందు ఒక్కటే. మొత్తం తొమ్మిది రోజులు. అందులో పెద్ద ఖాళీ ఇంగ్లిష్ ముందు పడింది. 7న ఫస్ట్ ఇయర్ పరీక్ష, 8 రెండో శనివారం, 9 ఆదివారం కావడమే కారణం. ఫస్ట్ ఇయర్‌కీ మొత్తం తొమ్మిదే, కానీ పంపకం వేరు: మ్యాథ్స్ 1ఏ ముందు మూడు, ఫిజిక్స్ ముందు మూడు, మిగతా అన్నిటి ముందూ ఒక్కొక్కటే. ఒకే ఇంట్లో అన్న సెకండ్ ఇయర్, చెల్లెలు ఫస్ట్ ఇయర్ అయితే ఇద్దరికీ ఒకే ప్లాన్ సరిపోదు.

రోజుల లెక్క చాలదు, గంటల్లోకి మార్చాలి. పరీక్ష 12కి ముగుస్తుంది. నగరంలో ఇల్లు చేరేసరికి ఒంటిగంటన్నర. తిని, ఒక కునుకు తీసి, నాలుగింటికి కూర్చుంటే రాత్రి పడుకునే లోపు నికరంగా నాలుగు గంటల చదువు. పూర్తి ఖాళీ రోజైతే పది గంటలు. అంతకంటే ఎక్కువ వేసుకున్న ప్లాన్ రెండో రోజుకే చెదిరిపోతుంది. ఈ లెక్కన ఒక్కరోజు గ్యాప్ అంటే 14 గంటలు, రెండు రోజులంటే 24, మూడు రోజులంటే 34.

తర్వాత ప్రతి సబ్జెక్టూ ఎన్ని గంటలు అడుగుతుందో కనుక్కోవాలి. దీన్ని ఊహతో తేల్చవద్దు. బోర్డు పరీక్షలకు ముందు కాలేజీలో పెట్టే ప్రీఫైనల్ పరీక్షలకు చదివేటప్పుడు ఒక చాప్టర్ తిరగేయడానికి ఎంతసేపు పట్టిందో పుస్తకం మొదటి పేజీలో రాసుకోండి. ఒక విద్యార్థికి మ్యాథ్స్ 2ఏలో చాప్టర్‌కి రెండున్నర గంటలు పడుతోందనుకుందాం. పది చాప్టర్లకు 25 గంటలు కావాలి. పరీక్ష ముందు చేతిలో ఉన్నది 14. మిగిలిన 11 గంటలు బాకీ. 2బిలో ఎనిమిది చాప్టర్లు, ఒక్కోటి మూడు గంటలు, మొత్తం 24. చేతిలోనూ 24 ఉన్నాయి, బాకీ లేదు. ఫిజిక్స్‌లో పదహారు చాప్టర్లకు రెండేసి గంటల చొప్పున 32 కావాలి. చేతిలో 24, బాకీ 8. కెమిస్ట్రీ 30 గంటలు అడిగితే చేతిలో 14, బాకీ 16. అంతా కలిపితే 35 గంటల బాకీ.

ఈ బాకీని తీర్చే చోట్లు రెండే ఉన్నాయి. ఒకటి, ఇంగ్లిష్ ముందు వచ్చిన మూడు రోజులు. ఇంగ్లిష్‌కి 9వ తేదీ ఒక్కటే ఉంచి 7, 8 తేదీలను గ్రూపు సబ్జెక్టులకు ఇస్తే 20 గంటలు దొరుకుతాయి. 2ఏ బాకీ 11 తీరిపోగా కెమిస్ట్రీకి 9 గంటలు పడతాయి. కెమిస్ట్రీలో మిగిలిన 7, ఫిజిక్స్ 8, కలిపి 15 గంటలు. వాటిని ప్రాక్టికల్స్ అయిపోయాక, థియరీ మొదలయ్యే లోపు తీర్చాలి. 2025లో ప్రాక్టికల్స్ ఫిబ్రవరి 22తో ముగిశాయి, అంటే ఆ పదిరోజులు. ఆ రోజుల్లోనూ తీరదని లెక్క చెబితే జనవరి చివరికే కొన్ని చాప్టర్ల నోట్సు సిద్ధం చేసి పెట్టుకోవాలి. ఈ సంగతి డిసెంబరులో తెలిస్తే సర్దుకోవచ్చు. మార్చి 18 సాయంత్రం తెలిస్తే చేయగలిగింది ఏమీ ఉండదు.

ఒక్క కెమిస్ట్రీ గురించి గట్టిగా చెప్పాలి. రెండు సంవత్సరాల వాళ్లకూ అది చివర్లో వస్తుంది, ఒక్కరోజు గ్యాప్‌తో వస్తుంది, ఒళ్లు అలిసిపోయాక వస్తుంది. ఇనార్గానిక్‌ను ఆ చివరి రోజుకి వదిలేసిన పిల్లలే ఎక్కువగా దెబ్బతింటారు. ఎంఈసీ (మ్యాథ్స్, ఎకనామిక్స్, కామర్స్), సీఈసీ (సివిక్స్, ఎకనామిక్స్, కామర్స్) వాళ్లకు ఆ స్థానంలో ఉన్నది కామర్స్. సీఈసీ సెకండ్ ఇయర్‌కి 2025లో 12న సివిక్స్, 18న ఎకనామిక్స్, 20న కామర్స్ వచ్చాయి. ఎకనామిక్స్ ముందు ఐదు రోజుల ఖాళీ చూసి అన్నీ దానికే ఇచ్చేస్తే కామర్స్‌కి మిగిలేది ఒక్కరోజే. 13, 14 తేదీల్లో ముందు కామర్స్ చూసి, 15 నుంచి ఎకనామిక్స్ పట్టుకుని, 19న మళ్లీ కామర్స్‌కి రావాలి. గ్యాప్ ఎంత పొడుగున్నా, దాని వెనకాల ఏ పేపరు ఇరుకున పడిందో చూడనిదే పంచకూడదు.

ఫస్ట్ ఇయర్ పేపరు మిగిలిపోయినవాళ్లు

ఫస్ట్ ఇయర్ పేపరు తప్పి, సెకండ్ ఇయర్‌తో పాటే దాన్ని మళ్లీ రాసేవాళ్ల క్యాలెండర్ విడిగా గీయాలి. సెకండ్ ఇయర్‌కి ఖాళీ అనిపించే రోజే ఫస్ట్ ఇయర్ పరీక్ష రోజు. మ్యాథ్స్ 1ఏ మిగిలిన విద్యార్థికి 2025లో 10న ఇంగ్లిష్, 11న 1ఏ, 12న 2ఏ. ఒక్కరోజు గ్యాప్ కూడా పోయింది. 2ఏకి మిగిలింది 11 సాయంత్రం నాలుగు గంటలు. ఫిజిక్స్ మిగిలితే 17న ఫస్ట్ ఇయర్‌ది, 18న సెకండ్ ఇయర్‌ది. రెండు ఫిజిక్స్‌లకూ కలిపి 15 సాయంత్రం, 16 పూర్తిగా, 17 సాయంత్రం, అంటే 18 గంటలు. కెమిస్ట్రీదీ ఇదే కథ, 19, 20 తేదీల్లో.

కాబట్టి మిగిలిన పేపరు చదువు ప్రీఫైనల్స్ కంటే ముందే, జనవరి మొదటి వారానికల్లా ఒక విడత పూర్తి కావాలి. పరీక్షల మధ్య దానికి కొత్తగా చదివే సమయం ఉండదు, తిరగేసే సమయం మాత్రమే ఉంటుంది. 1ఏ మిగిలినవాళ్లు ఇంగ్లిష్‌ను ఫిబ్రవరిలోనే ముగించి, ఇంగ్లిష్ ముందు ఖాళీ రోజుల్లో 1ఏ, 2ఏ రెండూ చూసుకోవాలి. హాల్ టికెట్ రాగానే ఫస్ట్ ఇయర్ పేపరు, దాని తేదీ నమోదయ్యాయో లేదో మొదట చూడాల్సింది కూడా వీళ్లే.

మార్చి కంటే ముందు వచ్చే తేదీలు

పెద్ద టైంటేబుల్ చూసే తొందరలో జనవరి, ఫిబ్రవరి తేదీలు కంటికి ఆనవు. 2025లో ఎథిక్స్ అండ్ హ్యూమన్ వాల్యూస్ పరీక్ష జనవరి 29న, ఎన్విరాన్‌మెంటల్ ఎడ్యుకేషన్ 30న జరిగాయి. సమయం కూడా వేరు, ఉదయం 10 నుంచి ఒంటిగంట వరకు. ఇవి వెయ్యి మార్కుల మొత్తంలో కలవవు కాబట్టి పిల్లలు తేలిగ్గా తీసుకుంటారు. కానీ ఇవి పాస్ కాకపోతే సర్టిఫికెట్ దగ్గర చిక్కొస్తుంది. ఫస్ట్ ఇయర్‌లోనే రాసేస్తే సెకండ్ ఇయర్‌లో ఈ గొడవే ఉండదు. వెంటనే ఇంగ్లిష్ ప్రాక్టికల్స్ వచ్చాయి, ఫస్ట్ ఇయర్‌కి జనవరి 31, సెకండ్ ఇయర్‌కి ఫిబ్రవరి 1. ఇంగ్లిష్‌లో 20 మార్కులు వీటివే. మార్చిలో రాసే థియరీ 80కే.

సైన్స్ ప్రాక్టికల్స్ ఆ ఏడాది ఫిబ్రవరి 3 నుంచి 22 వరకు, రోజుకు రెండు విడతలుగా ఉదయం 9 నుంచి 12, మధ్యాహ్నం 2 నుంచి 5 జరిగాయి. ఆదివారాలూ ఉన్నాయి. ఇక్కడ జరిగే తప్పు ఒకటే: మూడు వారాల షెడ్యూలు చూసి మూడు వారాలూ ప్రాక్టికల్స్ అనుకోవడం. ఒక విద్యార్థికి ఎంపీసీలో రెండు ప్రాక్టికల్స్, బైపీసీలో నాలుగు. ఒక్కోటి 30 మార్కులు. మీ బ్యాచ్ మొదటి వారంలో పడిందా, చివరి వారంలోనా అన్నదాన్ని బట్టి ఫిబ్రవరి మొత్తం తారుమారవుతుంది. మొదటి వారంలో పడినవాళ్లకు థియరీకి దాదాపు మూడు వారాలు వరసగా దొరుకుతాయి, ఆ వరం గుర్తించి వాడుకోండి. చివరి వారంలో పడినవాళ్లు ముందు థియరీ బాకీ తీర్చుకుంటూ, ప్రాక్టికల్‌కి మూడు రోజుల ముందు రికార్డు, వైవా పట్టుకోవాలి. రికార్డులో సంతకాలు లేని పేజీలు ఉంటే జనవరిలోనే లెక్చరర్ దగ్గర చేయించుకోండి.

సెషన్ చూసుకోవడం మరిచిపోవద్దు. మధ్యాహ్నం బ్యాచ్ అయితే 2 గంటలకు, ఉదయం బ్యాచ్ అయితే 9కి. జేఈఈ మెయిన్ మొదటి విడత తేదీతో ఏదైనా ఢీకొంటే అడ్మిట్ కార్డు కాపీ జతచేసి ప్రిన్సిపల్‌కి వెంటనే రాతపూర్వకంగా ఇవ్వండి. పరీక్ష రోజు పొద్దున ఫోన్ చేస్తే ఎవరూ ఏమీ చేయలేరు.

సెంటర్, దారి

హైదరాబాద్‌లో తేదీ గుర్తున్నా చోటు తప్పే ప్రమాదం ఎక్కువ. ఒకే కాలేజీ పేరుతో కూకట్‌పల్లిలో, దిల్‌సుఖ్‌నగర్‌లో, నారాయణగూడలో బ్రాంచీలుంటాయి. ఒక్కోసారి ఒకే కాలనీలో రెండు క్యాంపస్‌లు. మ్యాప్‌లో కాలేజీ పేరు కొట్టి మొదట వచ్చిన చుక్క దగ్గరికి వెళ్లిపోయి, అక్కడ వాచ్‌మన్ మీ సెంటర్ ఇది కాదు అని చెప్పేసరికి 8.40 అవుతుంది. గాంధీనగర్, శాంతినగర్, సాయినగర్ లాంటి పేర్లు నగరంలో ఒక్కచోట ఉండవు. హాల్ టికెట్ మీద సెంటర్ కోడ్, చిరునామా రెండూ పూర్తిగా చదివి, మనిషి స్వయంగా వెళ్లి గేటు చూసి రావాలి.

ఆ చూసి రావడం ఆదివారం పెట్టుకోకండి. ఆదివారం ఉప్పల్ నుంచి అమీర్‌పేట ఎంతసేపట్లో వెళ్లామన్నది మంగళవారానికి పనికిరాదు. పని రోజున, పొద్దున ఏడున్నర, ఎనిమిది మధ్య, పరీక్ష రోజు వాడబోయే బండిలోనో బస్సులోనో మెట్రోలోనో వెళ్లండి. మెట్రో దగ్గరుంటే దాన్నే ప్రధాన దారిగా పెట్టుకోవడం మేలు. ఉదయం 6 నుంచే నడుస్తుంది, చాదర్‌ఘాట్ దగ్గరా పంజాగుట్ట దగ్గరా ఇరుక్కునే బాధ ఉండదు. అమీర్‌పేటలోనో ఎంజీబీఎస్‌లోనో లైన్ మారాల్సి వస్తే పది నిమిషాలు, స్టేషన్ నుంచి సెంటర్‌కి నడకకు ఇంకో పది కలుపుకోండి. మెహదీపట్నం, టోలిచౌకి వైపు వాళ్లకు మెట్రో లేదు కాబట్టి వాళ్లు బస్సుకో బండికో ఇంకా ముందు బయల్దేరాలి.

బయల్దేరే సమయం ఇలా కట్టండి. గేటు దగ్గర 8.15కి ఉండాలి. పని రోజు ప్రయాణం 50 నిమిషాలు పట్టిందనుకుంటే దానికి అరగంట కలిపితే 80 నిమిషాలు. అంటే 6.55కి ఇంట్లోంచి కదలాలి. 8.45కల్లా తన సీట్లో ఉంటేనే ఓఎంఆర్ షీట్ మీద వివరాలు తాపీగా సరిచూసుకోగలరు. 2024లో పరీక్షలు మొదలయ్యాక, నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వని పద్ధతిని సడలించి ఐదు నిమిషాల వెసులుబాటు ఇచ్చారు. ఆ ఐదు నిమిషాలను దయచేసి ప్లాన్‌లో కలపకండి. టైరు పంక్చరైన రోజు కోసం అది అలాగే ఉండనివ్వండి.

హాల్ టికెట్ రెండు ప్రింట్లు తీసి ఒకటి బ్యాగులో, ఒకటి తల్లిదండ్రుల దగ్గర ఉంచండి. సెంటర్ల చుట్టుపక్కల జీరాక్స్ షాపులు పరీక్ష వేళ మూసేయిస్తారు, అక్కడికెళ్లి తీసుకుందామంటే కుదరదు. పేరు, మీడియం, సెకండ్ లాంగ్వేజ్, గ్రూపు చూడండి. సంస్కృతం తీసుకున్న పిల్లకి తెలుగు అని పడితే అది వచ్చిన రోజే కాలేజీ ఆఫీసులో చెప్పాలి.

ఇంట్లో సర్దుకోవాల్సినవి

2025లోనూ 2026లోనూ ఇంటర్ పరీక్షలు రంజాన్ నెలలో పడ్డాయి. ఉపవాసం ఉండే పిల్లలకు పరీక్ష మూడు గంటలు పొద్దున్నే కాబట్టి నెట్టుకొస్తారు. ఇబ్బంది మధ్యాహ్నం. ఇంటికొచ్చాక ఇఫ్తార్ దాకా చదువు సాగదు. ఆ నాలుగు గంటల లెక్కను వాళ్లకు మార్చాలి: మధ్యాహ్నం నిద్ర, ఇఫ్తార్ తర్వాత రెండు గంటలు, సహర్‌కి లేచాక ఇంకో గంటన్నర. పాతబస్తీలో సాయంత్రం బజారు రద్దీ తెలిసిందే కాబట్టి కొనాల్సిన పెన్నులు, ప్యాడ్ లాంటివి నెల మొదలుకాక ముందే తెచ్చిపెట్టుకోవాలి.

మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలైతే చిన్నపిల్లలు పన్నెండున్నరకే ఇంటికొస్తారు. పరీక్ష రాసి వచ్చిన పిల్ల కునుకు తీసే వేళా అదే. ఒక గది, ఒక తలుపు ఎవరికన్నది ముందే మాట్లాడుకోండి. ఇంట్లో ఒకరు సీబీఎస్‌ఈ అయితే వాళ్ల పరీక్ష 10.30కి. ఒకే బండిలో ఇద్దరినీ దింపుదామనుకుంటే ఇంటర్ రాసేవాళ్ల టైమ్‌కే కదలాలి.

చివరి పేపరు తర్వాత

ఎంపీసీ వాళ్లకు 2025లో చివరి గ్రూపు పేపరు మార్చి 20న. జేఈఈ మెయిన్ రెండో విడత ఏప్రిల్ 2 నుంచి మొదలైంది. మధ్య పన్నెండు రోజులు. రాష్ట్ర ఎంట్రన్స్ అయిన తెలంగాణ ఎప్‌సెట్‌లో ఇంజినీరింగ్ పరీక్ష మే 2 నుంచి, నీట్ మే 4న. ఎప్‌సెట్ ర్యాంకులో ఇంటర్ మార్కుల వెయిటేజీ ఇప్పుడు లేదు. అయినా గ్రూపు సబ్జెక్టుల్లో 45 శాతం, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు 40 శాతం అర్హతగా కావాలి. ఎన్‌ఐటీలకు 75 శాతం నిబంధనా ఉంది. కాబట్టి ఫిబ్రవరి చివరి నుంచి చివరి పేపరు దాకా ఎంట్రన్స్ పుస్తకం మూసి ఉంచడంలో నష్టం లేదు.

ఏ పేపరైనా పోతుందన్న అనుమానం ఉంటే సప్లిమెంటరీ టైంటేబుల్ స్వభావం ఇప్పుడే తెలుసుకోండి. 2025లో మే 22న మొదలైంది. ఫస్ట్ ఇయర్ ఉదయం 9 నుంచి 12, సెకండ్ ఇయర్ మధ్యాహ్నం 2.30 నుంచి 5.30. మార్చిలో ఉన్న రోజు విడిచి రోజు పద్ధతి అక్కడ లేదు, పేపర్లు వరసగా వస్తాయి. రెండు సంవత్సరాల ఫిజిక్సూ మిగిలితే రెండూ ఒకే రోజు, ఎండలో, మధ్య రెండున్నర గంటల విరామంతో రాయాలి. ఆ విరామంలో ఇంటికి వెళ్లి రావాలని చూడొద్దు, సెంటర్ దగ్గరే నీడ, భోజనం చూసుకోవాలి. సప్లిమెంటరీ ఫీజు గడువు కూడా ఫలితాలొచ్చిన వారం రోజులకు అటూఇటూగా ముగిసిపోతుంది. ఫలితాల రోజు సాయంత్రమే కాలేజీ ఆఫీసు తెరిచి ఉండే వేళలు కనుక్కుని, మర్నాడు పొద్దున్నే ఫీజు కట్టేయండి.